పది గజాలు

1989 క్రిస్మస్‌కు ముందురోజు అట్లాంటాలో డెట్రాయిట్ లయన్స్ జట్టు ఆ సీజన్‌లో తన ఆఖరి మ్యాచ్ ఆడింది. ఆ ఏడే కాలేజీ నుంచి వచ్చిన బ్యారీ శాండర్స్ ఆ రోజు 158 గజాలు పరుగెత్తాడు. దాంతో సీజన్ లెక్క 1,470కి చేరింది. అదే లీగ్‌లో కాన్సాస్ సిటీ జట్టుకు ఆడే క్రిస్టియన్ ఒకోయే లెక్క 1,480. మరో పది గజాలు పరుగెత్తితే సమానం, పదకొండైతే ఆ ఏడాది అందరికంటే ఎక్కువ దూరం పరుగెత్తినవాడన్న పేరు, అదీ మొదటి సంవత్సరంలోనే, శాండర్స్‌దే. మ్యాచ్ అప్పటికి లయన్స్ చేతికి వచ్చింది. మళ్లీ మైదానంలోకి వెళ్తావా అని కోచ్ వేన్ ఫాంటెస్ అడిగాడు. గెలిచి ఇంటికి పోదాం, అది చాలునన్నాడు శాండర్స్. బెంచీ మీదే ఉండిపోయాడు. ఆ పట్టికలో ఈనాటికీ అతనిది రెండో స్థానం.

శాండర్స్ ఆడింది ఫుట్‌బాల్. ఆ పేరు వినగానే మనకు కాలితో తన్నే ఆట గుర్తొస్తుంది. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ వేరు. బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురొచ్చే పదకొండు మందిని తప్పించుకుంటూ ముందుకు ఉరకడం అందులో రన్నింగ్ బ్యాక్ పని. ఎంత ముందుకు వెళ్లాడన్నది గజాల్లో కొలుస్తారు. మనం ఇళ్ల స్థలాలు కొలుచుకునే గజమే అది, మూడడుగులు. ఒక్కో పరుగుకు సగటున నాలుగు గజాలు సంపాదిస్తే మంచి ఆటగాడంటారు. శాండర్స్ పదేళ్ల సగటు ఐదు. ఎత్తు మాత్రం ఐదడుగుల ఎనిమిది అంగుళాలే. అతని ఆట చూసినవాళ్లు అతని వేగం గురించి కంటే నిలబడ్డచోటే నిలబడి దిక్కు మార్చే తీరు గురించి ఎక్కువగా చెబుతారు. పట్టుకోబోయిన చేతులు గాలిని పట్టుకునేవి.

పదేళ్ల తర్వాత, 1999 జులై చివర్లో, అదే మనిషి తన సొంత ఊరు విచిటాలోని పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేస్తున్నట్టు చెప్పాడు. ప్రెస్ మీట్ లేదు, వీడ్కోలు సభ లేదు. తాను లండన్ వెళ్లిపోయాడు. అప్పటికి వయసు 31. ఒళ్లు బాగానే ఉంది, అంతకుముందు సీజన్‌లోనే 1,491 గజాలు పరుగెత్తాడు. మొత్తం లెక్క 15,269. ఆ ఆటలో అత్యున్నత రికార్డు వాల్టర్ పేటన్‌ది, 16,726. మధ్య ఉన్న తేడా 1,457 గజాలు, అంటే శాండర్స్‌కు ఒక్క సీజన్ పని. ఈ ఫ్యాక్స్ గురించి పాతికేళ్లుగా రెండు మాటలు వినిపిస్తున్నాయి. కీర్తి శిఖరం గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన విరాగి అని ఒకరంటారు. జట్టునూ అభిమానులనూ నడిరోడ్డున వదిలేసిపోయాడని మరొకరంటారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా వాదన. ఇద్దరూ చూడాల్సిన చోట చూడటం లేదు. ఫలాన్ని వదలడం వేరు, పనిని వదలడం వేరు. శాండర్స్ జీవితంలో ఆ రెండూ ఉన్నాయి, కానీ పదేళ్ల ఎడంతో. మొదటిది జరిగింది అట్లాంటాలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక డిసెంబరు మధ్యాహ్నం. ఫ్యాక్స్‌ను దానికి కొనసాగింపుగా చదివితే రెండూ అర్థం కావు.

ఈ తేడాను అన్నిటికంటే నిశితంగా విడదీసి చూపినచోటు భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం. సన్యాసానికీ త్యాగానికీ తేడా ఏమిటన్న అర్జునుడి ప్రశ్నతోనే ఆ అధ్యాయం మొదలవుతుంది. కృష్ణుడి జవాబు సారాంశం ఇది: చేయవలసిన పనిని తెలివితక్కువతనంతో మానేస్తే అది తామస త్యాగం. కష్టంగా ఉందని, ఒంటికి నొప్పని భయపడి మానేస్తే రాజసం. అలా మానేసినవాడికి త్యాగఫలం కూడా దక్కదు. పని చేస్తూనే ఆసక్తినీ ఫలాన్నీ వదిలితే అది సాత్త్వికం. గీత తూకంలో పని మానడానికి మార్కులు లేవు. మన నిత్య సంభాషణలో త్యాగమంటే వదిలేయడమే. పదవి వదిలాడు, ఆస్తి వదిలాడు, ఇల్లు వదిలాడు అని చెప్పుకుంటాం. వదిలిన వస్తువు ఎంత పెద్దదైతే త్యాగం అంత గొప్పదని లెక్కకడతాం. ఆ లెక్కన 1,457 గజాలు వదిలినవాడు పది గజాలు వదిలినవాడికంటే నూట నలభై అయిదు రెట్లు గొప్ప త్యాగి కావాలి. కాడని గీత అంటుంది, నాకూ అలాగే అనిపిస్తుంది.

శాండర్స్ క్రైస్తవుడు, బాప్టిస్ట్ ఇంట్లో పెరిగినవాడు. అతన్ని గీతతో కొలవడం న్యాయమా అన్న అభ్యంతరం సహజం. అతను గీత పాటించాడని నేననడం లేదు. ఒక భేదాన్ని స్పష్టంగా చూపే గ్రంథం ఎవరిదైనా అది చూపే భేదం అందరిదీ. పైగా అతని సొంత సంప్రదాయం ఈ విషయంలో అతనికి అంత సులువైన అండ ఇవ్వదు. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు విశ్వాసిని పరుగుపందెంలో ఉన్నవాడితో పోలుస్తాడు. పందెంలో బహుమతి ఒక్కడికే, కాబట్టి దాన్ని గెలుచుకునేలా పరుగెత్తమంటాడు. అయితే మైదానంలో దొరికే కిరీటం వాడిపోయేదని, తాము కోరేది వాడిపోనిదని వెంటనే చేరుస్తాడు. అంటే అక్కడా బహుమతి వద్దనలేదు, ఏ బహుమతి అన్నదే ప్రశ్న. గీత దారి వేరు, పౌలు దారి వేరు. రెండూ కలిసేచోటు ఒకటుంది: వాడిపోయే ఆకుల కిరీటం మీద కన్నుండకూడదు. ఆ కిరీటానికి అమెరికాలో పేరు గజాల పట్టిక.

ఆ పట్టిక ఎంత కృత్రిమమో తెలుసుకోవడానికి శాండర్స్ జీవితమే సాక్ష్యం. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నార్త్ హైస్కూల్లో చివరి ఏడాది నాలుగో మ్యాచ్ దాకా అతనికి బంతితో పరుగెత్తే ప్రధాన స్థానమే ఇవ్వలేదు. ఆ తర్వాతి ఏడు మ్యాచుల్లో 1,417 గజాలు తీశాడు. స్థానం ఇవ్వకముందు ఆ మనిషి లేడా? కాళ్లు అవే, పట్టికకు కనపడలేదంతే. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో మొదటి రెండేళ్లు థర్మన్ థామస్ అనే మరో మహా ఆటగాడి వెనక ప్రత్యామ్నాయంగా కూర్చున్నాడు. థామస్ వెళ్లిపోయాక 1988లో పదకొండు మ్యాచుల్లో 2,628 గజాలు, 37 టచ్‌డౌన్లు (టచ్‌డౌన్ అంటే బంతితో అవతలి గీత దాటడం). కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి సీజన్ మరొకటి లేదంటారు. ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికే ప్రకటించినప్పుడు అతను అమెరికాలోనే లేడు, జట్టుతో మ్యాచ్ ఆడటానికి టోక్యోలో ఉన్నాడు. సీజన్ ముగిశాక హాలిడే బౌల్ అనే మ్యాచ్‌లో మరో 222 గజాలు, ఐదు టచ్‌డౌన్లు తీశాడు. ఆ రోజుల్లో బౌల్ మ్యాచ్‌లను సీజన్ లెక్కలో కలపకూడదన్నది నియమం. 2002 నుంచి నియమం మారింది, ఇప్పుడు కలుపుతారు. కాబట్టి రికార్డు పుస్తకంలో అతనిది 2,628, కాళ్లు పరుగెత్తింది 2,850. ఫలం అంటే ఏమిటో తేల్చేది చేసినవాడు కాదు, పుస్తకం రాసే గుమాస్తా.

మరో సంఖ్య ఇంకా విచిత్రమైనది. ప్రొఫెషనల్‌గా అతను 3,062 సార్లు బంతితో పరుగెత్తితే, అందులో 336 సార్లు ముందుకు పోవాల్సింది పోయి వెనక్కే పోయాడు. అలా పోగొట్టుకున్నవి 952 గజాలు. 1994 ఆఖరి రోజున గ్రీన్ బేలో జరిగిన ప్లేఆఫ్‌లోనైతే పదమూడు ప్రయత్నాలకు మొత్తం రాబడి మైనస్ ఒకటి. సంఖ్య మీద కన్నున్న ఆటగాడు ఇలా ఆడడు. దారి మూసుకున్నచోట తలవంచి దూకి ఒకటో రెండో గజాలు తెచ్చుకుంటాడు, అది సురక్షితం. వెనక్కి మళ్లి, అడ్డంగా పరుగెత్తి, లేని దారిని వెతకబోయేవాడు చాలాసార్లు నష్టపోతాడు, కొన్నిసార్లు అరవై, ఎనభై గజాలు దూసుకుపోతాడు. ఫలం మీద మమకారం లేకపోవడం సన్యాసి గుణంగా చెప్పుకుంటాం కానీ, నిజానికి అది పనివాడి గుణం. సమంగా తూగే మనసుతో పనిచేయడమే యోగమని, కర్మలో నేర్పే యోగమని గీత రెండో అధ్యాయం దగ్గరదగ్గరగా చెప్పడంలో అర్థం ఇదే కావచ్చు. నష్టానికి జడిసేవాడికి ఆ నేర్పు అబ్బదు.

పద్దెనిమిదో అధ్యాయమే మరో మాట చెబుతుంది. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కావాలట: ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఇన్ని ఉండగా నేనొక్కడినే చేశానని అనుకునేవాడు సరిగా చూడటం లేదంటుంది. ఫుట్‌బాల్‌కు ఇంతకంటే చక్కటి వర్ణన లేదు. రన్నింగ్ బ్యాక్ తీసే ప్రతి గజానికీ ముందు ఐదుగురు లైన్‌మన్లు తమ ఒంటితో దారి తెరుస్తారు. వాళ్ల పేరిట పట్టికలో ఒక్క గజం కూడా పడదు. లోమస్ బ్రౌన్, కెవిన్ గ్లోవర్ ఏళ్ల తరబడి శాండర్స్ ముందు నిలబడి కొట్లాడారు. టచ్‌డౌన్ చేశాక గంతులేయడం, బంతిని నేలకేసి కొట్టడం ఆ ఆటలో మామూలు. శాండర్స్ ఆ బంతిని రిఫరీ చేతికిచ్చి నడిచి వచ్చేవాడు. ప్రొఫెషనల్ జీవితంలో 109 టచ్‌డౌన్లు చేశాడు, తీరు మాత్రం ఒకటే. బంతి తనది కాదని తెలిసినవాడు ఇంకేం చేస్తాడు?

ఇక ఐదో కారణం, దైవం. 1997లో శాండర్స్ మొదటి రెండు మ్యాచుల్లో కలిపి 53 గజాలే తీశాడు. తర్వాత వరసగా పద్నాలుగు మ్యాచుల్లో వందకు పైగా తీసి, సీజన్‌ను 2,053తో ముగించాడు. అప్పటికి ఆ లీగ్‌లో రెండు వేలు దాటినవాళ్లు ఇద్దరే. ఆ మైలురాయి దాటింది డిసెంబరు 21న, సొంత మైదానంలో, న్యూయార్క్ జెట్స్ మీద. అదే మ్యాచ్‌లో అతని సహచరుడు రెజీ బ్రౌన్ మెడ వెన్నుపూస దెబ్బతిని మైదానంలో కదలకుండా పడిపోయాడు. ఊపిరి ఆగిన మనిషికి అక్కడే నోటితో ఊపిరి ఊది బతికించారు. తర్వాత నడవగలిగాడు కానీ, అతని ఆట ఆ రోజుతో ముగిసింది. అంతకు ఆరేళ్ల ముందు లైన్‌మన్ మైక్ అట్లీ అలాగే పడిపోయి ఛాతీ కింద చచ్చుబడి మిగిలిపోయాడు. ఆ మరుసటి వేసవిలో ఎరిక్ ఆండోల్సెక్ అనే మరో లైన్‌మన్ తన ఇంటి ఆవరణలో ఉండగా ట్రక్కు వచ్చి గుద్ది చనిపోయాడు. ఈ ముగ్గురినీ పక్కన పెట్టి 2,053ను మాత్రమే చదవడం కుదరదు. ఒకే గంటలో ఒకరికి రెండు వేల గజాలు, ఇంకొకరికి వెన్నుపూస గాయం. ఫలాన్ని పట్టుకుని మురిసిపోకపోవడానికి ఆధ్యాత్మిక కారణమే కావాలా, కళ్లు తెరిచి చూస్తే చాలదా అనిపిస్తుంది.

ఒక గట్టి అభ్యంతరం ఉంది. వద్దనడం కూడా ఒక గర్వమే కదా? పది గజాలు అక్కర్లేదన్నవాడి పేరు పదకొండు గజాలు తీసినవాడి పేరుకంటే ఎక్కువ కాలం నిలిచింది, మరి దాన్ని నిరాసక్తి అని ఎలా అనడం? నిజమే, వద్దన్నందుకు వచ్చే కీర్తి మీద ఆశ అన్నిటికంటే పట్టువిడవని ఆశ. మనసులో ఏముందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. కానీ బయట కనిపించే గుర్తు ఒకటుంది. కీర్తి కోసం వద్దనేవాడు అందరూ చూస్తున్నప్పుడే వద్దంటాడు. ఏడు గెలిచి తొమ్మిది ఓడిన జట్టు ఆఖరి మ్యాచ్‌ను పండగ ముందు రోజున ఎందరు చూస్తారు? పైగా ఒక్కసారి వద్దనడం నటనకు లొంగుతుంది, వందసార్లు బంతిని రిఫరీకి ఇచ్చి రావడం లొంగదు. రెండో అభ్యంతరం దీనికి తోబుట్టువు. అతను పుట్టు సిగ్గరి, జనంలో నిలబడటం ఇష్టంలేనివాడు. స్వభావాన్ని సద్గుణమని పిలవకూడదు. దీనికి నా జవాబు సూటిగా ఉండదు. గీత స్వభావాన్ని సద్గుణానికి శత్రువుగా చూడదు. స్వభావం నుంచి పుట్టిన కర్మే మనిషికి తగిన కర్మ అంటుంది. పాశ్చాత్య నీతిశాస్త్రంలో కాంట్ దారిలో నడిచేవాళ్లు మాత్రం స్వభావం కొద్దీ కాక కర్తవ్యమని చేసినదానికే నైతిక విలువ అంటారు. వాళ్ల కొలతలో శాండర్స్‌కు మార్కులు తక్కువే పడతాయి. ఆ కొలతలో తల్లిప్రేమకూ తక్కువే పడతాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఫ్యాక్స్ దగ్గరికి. గీత త్రాసులో 1999 ఏ పళ్లెంలో పడుతుంది? తొందరపడితే రాజసమనేయవచ్చు, కష్టమనిపించి మానేశాడు కదా. 2003లో వచ్చిన ఆత్మకథలో శాండర్స్ తన విసుగును దాచుకోలేదు. పదేళ్లలో లయన్స్ ఐదుసార్లు ప్లేఆఫ్‌కు చేరి గెలిచింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్, 1992 జనవరిలో డల్లాస్ మీద. లోమస్ బ్రౌన్ 1996లో వెళ్లిపోయాడు, మరో సహచరుడు క్రిస్ స్పీల్మన్ అదే ఏడాది, కెవిన్ గ్లోవర్ 1998లో. నిలుపుకోవాలన్న పట్టుదల యాజమాన్యంలో అతనికి కనపడలేదు. 1998లో జట్టు ఐదు గెలిచి పదకొండు ఓడింది. అంటే శాండర్స్‌ను ఒక ఫలం పీడించింది, అది సొంత గజాలు కాదు, జట్టు గెలుపు. ఇక్కడ చురుకైన పాఠకుడు నా చేయి పట్టుకుని ఆపుతాడు: గెలుపు కూడా ఫలమే కదా, గెలుపోటములను సమంగా చూడమన్నారు కదా, నీ నిష్కామ కర్మయోగి ఇక్కడ దొరికిపోలేదా?

దొరికాడు, కొంత మేరకు. కానీ గెలుపూ గజాలూ ఒకే జాతి ఫలాలు కావు. గెలవాలనే ప్రయత్నం ఆటలో ఒక భాగం కాదు, ఆటే అది. గెలిచినా ఓడినా సమంగా ఉండవచ్చు, కానీ గెలవాలని ప్రయత్నించకుండా ఆడటం అంటూ ఉండదు. కృష్ణుడు సైతం అర్జునుడికి యుద్ధం చేయి, ఓడిపోయినా పరవాలేదని చెప్పి ఊరుకోలేదు. లేచి శత్రువులను జయించమనే చెప్పాడు. వదలమన్నది జయం మీద గురిని కాదు, జయం వల్ల నాకేమొస్తుందన్న లెక్కను. గురి పని లోపల ఉంటుంది, ఫలం పని అయ్యాక వస్తుంది. ఆ భేదం పట్టుకుంటే శాండర్స్ విసుగు వేరేగా కనిపిస్తుంది. ఫలం దక్కలేదని విసుగు కాదది. చుట్టూ ఉన్న వ్యవస్థకు గురే లేదన్న విసుగు. గెలవాలనుకోని జట్టులో ఏడాదికి పదిహేను వందల గజాలు పరుగెత్తడం ఏ పని? అలాంటిచోట మిగిలేది గజాల పట్టిక ఒక్కటే. ఇంకో ఏడాది ఆడి ఉంటే దేనికోసం ఆడేవాడు? పేటన్ రికార్డు కోసం. అట్లాంటాలో పది గజాలు అక్కర్లేదన్నవాడికి 1,457 గజాలు కారణం కాలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. చాలామందిని మైదానంలో కట్టి ఉంచే తాడు అతనికి ముందునుంచీ లేదు. ఉన్నది గురి అనే తాడొక్కటే, అది తెగింది.

కాబట్టి ఫ్యాక్స్‌ను నేను త్యాగమనను. అందులో వదులుకున్నదేమీ లేదు, వదిలిపోయింది తప్ప. దాన్ని వైరాగ్యంగా పూజించేవాళ్లు అతనికి లేని గొప్పతనం అంటగట్టి ఉన్న గొప్పతనాన్ని మరుగుపరుస్తున్నారు. అలాగని నిందించేవాళ్ల వాదన మొత్తంగా తీసిపారేయదగ్గదీ కాదు. 1997లో అతను ఆరేళ్లకు ఒప్పందం మీద సంతకం చేశాడు, సంతకానికే కోటీ పది లక్షల డాలర్లు ముట్టాయి. మధ్యలో వెళ్లిపోయినప్పుడు అందులో కొంత తిరిగి ఇవ్వాలని మధ్యవర్తి తీర్పు చెప్పాడు. నాకది న్యాయంగానే తోస్తుంది. ఫలాపేక్ష లేనివాడికి అప్పులు లేవని ఏ శాస్త్రమూ చెప్పలేదు. శిక్షణ శిబిరం మొదలయ్యే వేళకు కబురు పంపడం కూడా జట్టుకు అన్యాయమే. ముందే చెప్పి ఉంటే వాళ్లు మరో మనిషిని వెతుక్కునేవాళ్లు. మన హైదరాబాదీ క్రికెటర్ లక్ష్మణ్ 2012 ఆగస్టులో ఇలాగే హఠాత్తుగా తప్పుకున్నాడు. సొంతూళ్లో, ఉప్పల్ మైదానంలో జరగబోయే టెస్టుకు జట్టులో పేరు ఉండగానే, అది ఆడి వీడ్కోలు తీసుకోమని జనం కోరుతుండగానే. ఆ వీడ్కోలు టెస్టు కూడా ఒక పది గజాలే. అయితే అతను నలుగురి ముందు కూర్చుని, కారణం చెప్పి వెళ్లాడు. నిరాసక్తి మర్యాదకు అడ్డం కాదని చూపడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. శాండర్స్ చేసింది ఆ విషయంలో తక్కువే.

పేటన్ రికార్డును 2002 అక్టోబరులో డల్లాస్ ఆటగాడు ఎమిట్ స్మిత్ దాటాడు. ఆ పట్టిక మొదటి స్థానంలో శాండర్స్ పేరు ఎప్పుడూ ఉండదు. 2004లో ఒహాయోలోని క్యాంటన్‌లో అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు వేదిక మీద పరిచయం చేసింది తండ్రి విలియమ్ శాండర్స్. ఇళ్ల పైకప్పులు వేస్తూ, వడ్రంగి పని చేస్తూ పదకొండు మంది పిల్లల్ని పెంచిన మనిషి. తన కొడుకు గొప్పవాడేనని ఒప్పుకునేవాడు, కానీ ఆ ఆట ఆడినవాళ్లందరిలోకీ గొప్పవాడు జిమ్ బ్రౌన్ అని దాపరికం లేకుండా చెప్పేవాడు. కొడుకు ఎన్ని వేల గజాలు పరుగెత్తినా ఆ మాట మార్చుకోలేదు.

ఆ జిమ్ బ్రౌన్ 1966లో, ముప్పై ఏళ్ల వయసులో, ఇంకా లీగ్‌లో అందరికంటే ముందుండగానే ఆట మానేశాడు. అప్పుడు అతనూ లండన్‌లోనే ఉన్నాడు, ఒక సినిమా షూటింగ్‌లో.